తాగుబోతు మొగుడు, గయ్యాళి పెళ్ళాం

నా భర్త హాస్యనటుడు. కౌలాలంపూర్ రేడియోలో ఐదారేళ్ళు, టెలివిజన్ వచ్చాక దాదాపు రెండేళ్ళు, ఈ దేశంలో తమిళం తెలిసిన ఇళ్ళలో ఆయన గొంతు ఎరగనివాళ్ళు తక్కువ. ఆయన తాగుబోతు మొగుడు, నేను గయ్యాళి పెళ్ళాం. ఆయన తూలుతూ వచ్చి తలుపు తట్టేవాడు, నేను తిట్టేదాన్ని, జనం నవ్వేవాళ్ళు. ఇప్పటికీ క్లాంగ్ బజారులో నా ఈడువాళ్ళు నా గొంతు విని ఆగి, "ఆ పెళ్ళానివి నువ్వే కదూ?" అంటారు. అవునంటాను. తరవాత ఆయన గురించి అడుగుతారు. పోయాడని చెబితే, "అయ్యో, ఎంత నవ్వించేవాడు" అంటారు. అదీ నిజమే. మిగతాది బజారులో కూరగాయల సంచీ పట్టుకుని చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మాది బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి తోట. మా నాన్న ఆ తోట ఆఫీసులో గుమాస్తా. ఇక్కడ కిరాణి అంటారు. కిరాణి కూతుర్ని కాబట్టి నాకు చెప్పులూ ఉండేవి, చదువూ ఉండేది. తోట బడిలో చిన్న పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పేదాన్ని. ఆయన కూలీల ఇళ్ళ వరసల్లో, లైన్లంటారు, అక్కడ పుట్టినవాడు. వాళ్ళ అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. నాన్న కల్లు తాగి తాగి కడుపుబ్బి పోయాడు. తల్లి కాయలు పగలగొట్టే పని, ఈయన పీచు ఒలిచే పని. ఇనప గునపం నేలలో పాతి కాయని దాని మీద వేసి తిప్పితే మూడు దెబ్బల్లో ఒలిచేవాడు. చేతులు ఆ పని చేస్తుంటే నోరు ఇంకో పని చేసేది. దొర నడక, కూలీల మీద మేస్త్రీ కంగాణీ దగ్గు, నా తండ్రి కళ్ళజోడు సర్దుకోవడం, అన్నీ ఆయన దగ్గర ఉండేవి.

అడవుల్లో ఉన్న కమ్యూనిస్టులతో సర్కారు పోరాడుతున్న రోజులవి. దాన్ని ఎమర్జెన్సీ అనేవారు. దూరంగా విడివిడిగా ఉన్న లైన్లు పడగొట్టి, అందరినీ ఒక్కచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె కట్టారు. మా క్వార్టర్సు కూడా ఆ కంచె లోపలికే వచ్చింది. పొద్దున గేటు దగ్గర కానిస్టేబుళ్ళు పనికెళ్ళే ఆడవాళ్ళ గిన్నెలు మూతలు తీసి చూసేవారు, అడవిలోవాళ్ళకి అన్నం పట్టుకెళుతున్నారేమోనని. సాయంత్రం ఆరయ్యేసరికి గేటు మూసేవారు. ఇంకా ఎండ ఉండేది. అంతమంది మనుషులు, ఏం చెయ్యాలో తెలీని వెలుతురు.

ఆ వెలుతురులోనే ఆయన ఆట మొదలైంది. పొద్దున పేర్లు పిలిచే మైదానంలో, జనం చుట్టూ గొంతుక్కూచుంటే, ఒక సాయంత్రం కానిస్టేబులు ఒక ముసలమ్మ గిన్నె సోదా చెయ్యడం ఆడి చూపించాడు. కానిస్టేబులూ తనే, ముసలమ్మా తనే. గేటు దగ్గర నిలబడ్డ అసలు కానిస్టేబులు తుపాకీ పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు కల్లు దుకాణం నుంచి ఇంటికొచ్చే మొగుణ్ణి ఆడాడు. అదే ఆయన్ని పైకి తెచ్చింది, అదే కింద పడేసింది.

అప్పటికి ఆయన కల్లు చుక్క ముట్టనివాడు. తండ్రిని చూశాడు కాబట్టి ముట్టనని తల్లికి మాటిచ్చాడు. ఒకసారి బడి వరండాలో అడిగాను, తాగనివాడివి అంత బాగా ఎలా తూలుతావని.

"తూలను కదండీ," అన్నాడు. అప్పుడు నన్ను అండీ అనేవాడు, కిరాణి కూతుర్నని. "అందరూ తూలడం సూపిస్తారు. తాగినోడు తూలాలనుకుంటాడేటి? సక్కగా నడవాలని సూస్తాడు. నేనూ సక్కగా నడవాలనే సూస్తాను. అది సూసి నవ్వుతారు."

పెళ్ళాం వేషానికి మనిషి దొరకలేదు. ఆడవాళ్ళు సిగ్గుపడ్డారు, మగవాడికి చీర కడితే నవ్వు దారి తప్పుతోందని ఆయనే వద్దన్నాడు. చివరికి రెండు కర్రలకి ఒక చీర కట్టి, దాన్నే ఇంటి తలుపు అన్నాడు. పెళ్ళాం కనబడదు, లోపల్నుంచి తిడుతుంది. ఆ గొంతు నాది. మొదటిరోజు నాలుగు మాటలన్నాను. జనం నవ్విన నవ్వు చీరని ఊపినట్టనిపించింది. ఇంటికెళ్ళాక నాన్న అన్నం తినకుండా కూచున్నాడు. "కల్లు దుకాణం ఏషాలోడి పక్కన నా కూతురు గొంతా?" అన్నాడు. మళ్ళీ వెళ్ళనని చెప్పి, రెండు రోజుల తరవాత మళ్ళీ వెళ్ళాను.

మా పెళ్ళి కథ పొడవైనదే గాని ఇక్కడ అంత అక్కరలేదు. నాన్న ఏడాదిన్నర ఒప్పుకోలేదు, తరవాత ఒప్పుకున్నాడు, మాట్లాడటం మాత్రం తగ్గించేశాడు. లైన్లలో రెండు గదుల ఇంటికి కోడలిగా వెళ్ళాను. అత్త నన్ను పనికి పంపలేదు. "కిరాణి పిల్లవి, నీ సేతులు కాయలకి పనికిరావు" అంటూ గిన్నెలు కూడా తనే తోముకునేది.

మెర్డెకా, అదే స్వతంత్రం, వచ్చేసరికి మా వైపు కంచె తీసేశారు. తీసిన తీగెలో కొంత ముక్క అత్త పెరట్లో కట్టించి బట్టలు ఆరేసేది, చీరలకి చిరుగులు పడుతున్నా వినేది కాదు. స్వతంత్రం వచ్చిన ఆ వారంలో తెలుక్ ఆన్సన్ పట్నంలో పెద్ద మైదానంలో వేడుకలు పెట్టారు. మలాయివాళ్ళ పాటలు, చీనావాళ్ళ సింహం ఆట, మనవాళ్ళ కోలాటం. మా ఇద్దరికీ పది నిమిషాలిచ్చారు. లారీలో వెళ్ళాం. అత్త వెనక చెక్క మీద కూచుని, "మెర్డెకా అంటే మనకేటొస్తాదే?" అని అడిగింది. "ఆరు గంటలకి గేటు ముయ్యరే అమ్మా," అన్నాడు ఆయన. "అదే చాలు లా," అంది, మాట చివర ఇక్కడివాళ్ళ లా తగిలించి.

పట్నంలో అన్ని జాతులవాళ్ళూ ఉంటారు కాబట్టి ఆయన ఆట తమిళంలోకి మార్చాడు. ఆయనకి తమిళం బాగా వచ్చు, కానీ వేషంలో మా లైన్ల తెలుగువాడి తమిళం మాట్లాడాడు. ప్రతి మాట చివర ఒక ఉకారం తగిలించి, నోరు తిరగని చోట తెలుగు మాట దూర్చి. జనం విరగబడ్డారు. చీర తెర వెనక నేనూ అలాగే తిట్టాను. దిగాక అత్త వైపు చూస్తే ఆవిడ నవ్వడం లేదు. "నాలాగ మాటాడినావు," అంది కొడుకుతో. కోపంగా కాదు. చూసింది చెప్పినట్టు. ఆయన ఏదో సర్దిచెప్పబోయేలోపు, కళ్ళజోడు పెట్టుకున్న తమిళాయన ఒకరు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. కౌలాలంపూర్ రేడియోలో ప్రోగ్రాం అధికారినన్నారు. "మీ ఇద్దరి గొంతులూ నాకు కావాలి," అన్నారు.

కౌలాలంపూర్‌లో సెంతూల్ అనే పేటలో, రైల్వే వర్క్‌షాపు దగ్గర ఒక చీనావాళ్ళ ఇంటి వెనక భాగం అద్దెకి తీసుకున్నాం. వారానికి ఒక పావుగంట నాటిక, ఆదివారం మధ్యాహ్నం. మొదటి నెలల్లో ఉత్తరాలు ఒకటీ రెండూ వచ్చేవి. ఏడాది తిరిగేసరికి అధికారి వాటిని సంచీలో పోసి ఇచ్చేవారు. బస్సులో ఆయన టికెట్ అడిగితే కండక్టరు గొంతు గుర్తుపట్టి మిగతావాళ్ళకి చెప్పేవాడు. ఇక దిగేదాకా అందరికీ ఆట కావాలి.

అంతా సంతోషంగా ఉన్న రోజుల్లోనే బ్రాందీ వచ్చింది. మాకు కూతురు పుట్టింది. బాలింతకి బ్రాందీ మంచిదని ఇక్కడ చాలామంది నమ్ముతారు. ఇంటి చీనా ఆవిడ ఒక సీసా తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. నేను ఒక చెంచా తాగి కక్కాను, సీసా అలాగే ఉండిపోయింది. ఒక వారం ఆయనకి గొంతు పోయింది. మర్నాడు రికార్డింగు. ఉప్పునీళ్ళు, మిరియాలు, తేనె అన్నీ అయ్యాయి. వేణ్ణీళ్ళలో రెండు మూతల బ్రాందీ కలిపి ఇచ్చింది నేనే.

"అమ్మకి మాటిచ్చినాను," అన్నాడు.

"అది కల్లు గురించి. ఇది మందు," అన్నాను.

తాగాడు. గొంతు వచ్చింది. ఆ రోజు ఆట కూడా చాలా బాగా వచ్చింది. ఆ తరవాత రికార్డింగు ముందురోజు గొంతు పట్టేసినట్టుందని ఆయన అనేవాడు. నేను వేణ్ణీళ్ళు పెట్టేదాన్ని. నేను ఇవ్వకపోతే తాగేవాడు కాదని అనలేను. బయట ఆయన కోసం గ్లాసు పట్టుకుని ఎదురుచూసేవాళ్ళు ఎంతోమంది. తాగుబోతు మొగుడితో కలిసి తాగామని చెప్పుకోవాలని అందరికీ ఉండేది. కాఫీ కొట్లో కూచుంటే అడక్కుండానే స్టౌట్ బీరు సీసా వచ్చేది. కానీ మొదటి గ్లాసు నా చేతిదే. ఆ తరవాత ఎన్ని గ్లాసులు లెక్కపెట్టినా అది చెరగదు.

పాప రెండేళ్ళది అయ్యేసరికి ఆయన చీకటిపడే వేళకి తాగి రావడం మామూలైంది. ఒకరోజు పాలపిండి డబ్బా తెమ్మని పంపాను. పాప ఏడుస్తోంది. ఎనిమిది కొట్టాక వట్టి చేతులతో గుమ్మంలో నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఎప్పుడూ మీరు అనే మాట్లాడేదాన్ని, ఆ కోపంలో కూడా మీరు పోలేదు. "కాళ్ళు మాత్రం ఇల్లు గుర్తుపట్టి వచ్చినాయి, మిగతా మనిషేడండీ?" అన్నాను.

ఆయన కళ్ళు ఒక్కసారి తేటపడ్డాయి. "మళ్ళీ అను," అన్నాడు. "అలాగే అను. అండీ తీసేసి అను." గోడకి తగిలించిన కేలండరు చింపి, పెన్సిల్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. పాలపిండి ఎటుపోయిందో ఎటుపోయింది. నేను నవ్వేశాను. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని నవ్వాను. ఆదివారం ఆ మాట తమిళంలో రేడియోలో వచ్చింది. సోమవారం మా వీధిలో ఒక ఆవిడ తన మొగుణ్ణి అదే మాటతో తిట్టడం విన్నాను.

ఆ తరవాత మా ఇంట్లో తగువుకి అర్థం మారిపోయింది. ఆయన తాగొస్తే నాకు కోపమొచ్చేది, నిజం కోపమే. కానీ కోపం మధ్యలో ఇంకో మనిషి లేచి కూచునేది, మంచి మాట ఏదైనా తగులుతుందా అని వెతుక్కుంటూ. మంచి మాట దొరికితే కోపం చల్లారిపోయేది. దొరక్కపోతే ఆ పూట వృథా అయినట్టుండేది. ఒక్కసారైనా నవ్వు రాని మాటతో ఆయన్ని నిలదీయలేదు. తాగడం మానెయ్యండి, నాకు భయంగా ఉంది అని మామూలుగా చెప్పలేదు. చెబితే ఏమయ్యేదో తెలీదు. చెప్పలేదన్నది మాత్రం తెలుసు.

టెలివిజన్ వచ్చాక అధికారి అక్కడికి మారారు, మమ్మల్నీ తీసుకెళ్ళారు. అంతవరకూ నేను తెర వెనక గొంతుని. ఇప్పుడు ముఖం కావాల్సి వచ్చింది. స్టూడియోలో ఒక తలుపు, నులకమంచం, నీళ్ళకుండ పెట్టి దాన్ని మా ఇల్లన్నారు. దీపాల వేడికి ముఖం మీద పూసిన రంగు కరిగి మెడ మీదికి దిగేది. రేడియోలో సగమే తెలిసిన మనిషి ఇప్పుడు పూర్తిగా కనబడ్డాడు. ఒక చెప్పుతో ఇంటికొచ్చేవాడు. రెండోది ఏదని అడిగితే, "అది ముందే ఇంటికొచ్చేసినాది, దాన్ని ఎతుక్కుంటా నేనొచ్చినాను" అని, గీత గీసినట్టు తిన్నగా నడవాలని చూసి, మంచం దాటి గోడ దగ్గర తేలేవాడు. టీవీ ఉన్న ఇళ్ళు అప్పట్లో తక్కువ. ఉన్న ఇంట్లో వీధంతా చేరేది. మా తోటలో కూడా జనం కూడే హాల్లో ఒక పెట్టె పెట్టారని, అత్త ముందు వరసలో కూచుంటోందని మా నాన్న ఉత్తరం రాశాడు. చివర్లో, నీ చీర బాగుంది అని ఒక్క మాట రాశాడు.

ఆయన తాగుడు ఎప్పుడో అదుపు దాటింది. నేనే అదుపులో పెట్టగలననుకున్నాను. స్టూడియోకి వెళ్ళేరోజు ఫ్లాస్కులో టీ పోసి, అందులో ఎంత బ్రాందీ ఉండాలో నేనే పోసి ఇచ్చేదాన్ని. నేను పోసింది కాక దారిలో ఇంకెక్కడో చవక సంసు సారా తాగుతున్నాడని తెలిసినా, తెలీనట్టు ఊరుకున్నాను.

అప్పట్లో మా కార్యక్రమం నేరుగా ప్రసారమయ్యేది, తప్పు పడితే పడినట్టే. ఒక సాయంత్రం తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాణ్ణి చూడగానే నాకు తెలిసింది. తిన్నగా నడవాలని చూడటం లేదు. ఎక్కడికి నడుస్తున్నాడో కూడా ఆయనకి పట్టడం లేదు. మంచం మీద కూలబడ్డాడు. నా మాట అయ్యాక ఆయన మాట రావాలి. రాలేదు. నా వైపు చూసి, తమిళం కాదు, వేషం తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో, "ఇంటికెల్లిపోదాం రా. నాకు ఇక్కడ బాగోలేదు," అన్నాడు.

కెమెరాల వెనక ఉన్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళకి తెలుగు రాదు. నేనేం చెయ్యాలి? "కాళ్ళు మాత్రం ఇల్లు గుర్తుపట్టి వచ్చినాయి, మిగతా మనిషేడి?" అని తమిళంలోనే అన్నాను. జనానికి బాగా తెలిసిన మాట. స్టూడియో అంతా భుజాలు ఊపుతోంది. ఆయన తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు. మిగతా పది నిమిషాలూ ఆ తల మీదుగా నేను ఒక్కదాన్నే తిట్టుకుంటూ పోయాను.

అంతకుముందెన్నడూ రానన్ని ఉత్తరాలు ఆ వారం వచ్చాయి. అంత సహజంగా ఎవరూ నటించలేరని రాశారు. అధికారి ఆ కట్ట నా చేతిలో పెట్టి, "నాకు తెలుసమ్మా. ఇంకొకసారి ఇలా అయితే ఆపేస్తాను," అన్నారు. ఇంకో రెండుసార్లు అయింది. రెండోసారి దీపం స్తంభం మీద పడి నుదురు పగిలింది. ఆయన్ని ఆపేశారు.

ఆపేసిన మూడో రోజున అధికారి నన్ను పిలిపించి, ఇపో వైపు నుంచి ఒక నాటకాల నటుణ్ణి పిలిపించామని, పెళ్ళాంగా నేనే ఉండాలని అడిగారు. ఆలోచించుకుని చెబుతానని ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను. అప్పటికి పొద్దుట పూట, ఇంకా తాగలేదు.

"చెయ్యి," అన్నాడు. "ఇల్లు గడవాలి గదా."

ఇల్లు గడవాలన్నది నిజం. అదొక్కటే నిజం కాదు. దీపాల ముందు నిలబడటం నాకు ఇష్టమైపోయింది. చీర వెనక గొంతుగా మొదలైన నేను, నా ముఖాన్ని జనం గుర్తుపట్టడానికి అలవాటు పడ్డాను. అది ఆ రోజు నాకు నేను చెప్పుకోలేదు.

అత్త వచ్చి కొడుకుని తోటకి తీసుకెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. గుమ్మం దిగుతూ మాత్రం, "నా పెనిమిటిని సూసినాను, ఈడినీ సూస్తాను, ఏటి సేస్తాను," అంది. తోట ఆసుపత్రి డ్రెస్సరు మందులిచ్చాడు. వారం రోజులు ఒళ్ళంతా వణుకు, గోడ మీద లేని పురుగులు కనబడటం. అత్త పనికి పోకుండా పక్కనే కూచుంది. ఇవన్నీ నాకు తరవాత తెలిసినవి. ఆ వారం నేను కొత్త మొగుడితో నాటిక నేర్చుకుంటున్నాను.

కొత్తాయన మంచివాడే. బాగా తూలేవాడు. జనం మొదట్లో గొణిగి, తరవాత అలవాటుపడ్డారు. మా ఆయన మానేశాడు. నిజంగానే మానేశాడు. మళ్ళీ పీచు ఒలిచే పనిలో చేరాడు. సెలవులకి పాపని తీసుకుని బస్సులో వెళ్ళేదాన్ని. ఒళ్ళు నల్లబడి, చేతులు మొరటుబారి, పెళ్ళికి ముందున్న మనిషిలా ఉండేవాడు. నవ్వించడం మాత్రం తగ్గింది. రెండో ఏడు ఒకసారి వెళ్ళినప్పుడు, వరండాలో కూచుని కాయ కొట్టి పాపకి నీళ్ళు పోస్తూ అన్నాడు.

"మంగళవారం సూసినాను, హాల్లో. నువ్వు తొందర పడతన్నావు. జనం నవ్వుతుండగానే రెండో మాట అనేస్తన్నావు. నవ్వు అయ్యేదాకా ఆగు."

"హాల్లో అందరి మధ్యా కూచుని చూస్తున్నారా?"

"సూడకపోతే ఎలగ? నువ్వొస్తావు గదా." కాయ డొప్ప పక్కన పెట్టి, "ఏడాదిన్నరైపోనాది. నన్ను మళ్ళీ తీసుకుంటారేటి? పెద్ద ఏషం అక్కర్లేదు. పక్కింటోడి ఏషమైనా పర్లేదు. అడుగుతావా?" అన్నాడు.

"అడుగుతాను," అన్నాను.

అడగలేదు. అధికారి ఎదురుగా కూచున్న రోజులు ఎన్నో ఉన్నాయి. టీ తాగుతూ మాట్లాడుకున్నాం. నోటిదాకా రానివ్వలేదు. మళ్ళీ ఆ దీపాల కిందికి వస్తే మళ్ళీ తాగుతాడని భయం. ఆ భయం నిజమైనదే. దాని వెనక ఇంకొకటి ఉంది. కొత్తాయనతో నాకు గుండె దడ లేదు. తలుపు తెరుచుకున్నప్పుడు ఎవరొస్తారోనని వణకక్కర్లేదు. ఆ హాయి వదులుకోబుద్ధి కాలేదు. ఆయనకి మాత్రం, అధికారి ఊళ్ళో లేరు, ఇంకా చెప్పలేదు అంటూ ఉత్తరాలు రాశాను.

నాలుగు నెలలు ఎదురుచూసి ఆయనే వచ్చాడు, నాకు చెప్పకుండా. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు నేను మేడ మీద, మేకప్ గది బయట నడవాలో నిలబడి కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర గుంపు. మధ్యలో ఆయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో చిన్న సంచీ. కాపలావాళ్ళు, డ్రైవర్లు గుర్తుపట్టి, "ఒక్కసారి అన్నా, ఒక్కసారి" అని పట్టుకున్నట్టున్నారు. ఆయన ముందు తల ఊపాడు, తరవాత సంచీ ఒకరికిచ్చి, ఒక చెప్పు విడిచి పక్కన పెట్టాడు.

అంత గొప్పగా ఆయన ఆడటం నేనెప్పుడూ చూడలేదు. ప్రతి అడుగూ తిన్నగా వెయ్యాలని ఎంత కష్టపడుతున్నాడో పై నుంచి కూడా కనబడుతోంది. తాగలేదని నాకు తెలుసు. అది తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. అప్పుడే అధికారి కారు లోపలికి వచ్చింది. దిగి, చూసి, ముఖం ముడుచుకుని, "మళ్ళీ మొదలుపెట్టావా? ఇక్కడికే తాగి వచ్చావా?" అన్నారు.

"లేదు సార్, తాగలేదు సార్," అన్నాడు మా ఆయన.

తాగలేదన్నది మా నాటికలో మొగుడు ప్రతి వారం అనే మాట. గుంపంతా గొల్లుమంది. ఆయన మళ్ళీ అన్నాడు, మళ్ళీ నవ్వారు. అధికారి ఎవరికో సైగ చేసి లోపలికి వచ్చేశారు. కాపలాదారు సంచీ ఆయన చేతికిచ్చి భుజం తట్టి గేటు బయటికి నడిపించాడు.

పద్దెనిమిది మెట్లు దిగితే చాలు. నేను పరిగెత్తుకెళ్ళి, సార్, ఆయన తాగలేదు, నోరు వాసన చూడండి అని ఉంటే సరిపోయేది. రిహార్సలుకి స్టూడియో గంట మోగింది. నా పేరు పిలిచారు. నేను లోపలికి వెళ్ళాను. ఆ సాయంత్రం నాటికలో నవ్వు అయ్యేదాకా ఆగాను, ప్రతిసారీ.

ఆ ఆదివారం పాపని తీసుకుని తోటకి వెళ్ళాను. తాగి పడి ఉంటాడనుకుంటూ బస్సు దిగాను. లేదు. గునపం దగ్గర కాయలు ఒలుస్తున్నాడు. కౌలాలంపూర్ వచ్చిన సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. "అడిగినావేటి?" అని కూడా మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

ఆ ఏడాది చివర నేను కార్యక్రమం మానేశాను. పాప చదువు అని కారణం చెప్పాను. క్లాంగ్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని దొరికింది. ఆయన వచ్చి రేవు దగ్గర గోదాములో కాపలా పనిలో చేరాడు. అత్తని కూడా తెచ్చుకున్నాం. ఆవిడ మా ఇంట్లోనే పోయింది. పదహారేళ్ళు కలిసి ఉన్నాం. ఆ పదహారేళ్ళలో నాలుగుసార్లు తాగాడు. నాలుగుసార్లూ రెండు మూడు రోజులు పడి, లేచి, సిగ్గుపడి, మళ్ళీ పనికి వెళ్ళాడు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాడు, ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని ఆట ఆడమంటారని. మంచి మనిషితో, నెమ్మదైన మనిషితో బతికాను. ఇంట్లో ఆయన నన్ను నవ్వించిన రోజులు ఎన్నని అడిగితే వేళ్ళ మీద చెప్పగలను.

కాలేయం అప్పటికే చెడింది. ఆసుపత్రిలో చివరి పది రోజుల్లో, ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాలని రోజూ అనుకున్నాను. ఒకరోజు కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను కూడా. "ఏటి?" అన్నాడు. నర్సు రక్తపోటు చూడటానికి వచ్చింది. ఆవిడ వెళ్ళాక, "ఏం లేదు," అన్నాను.

ఆయన పోయిన మూడో నెలలో నా కూతురికి చెప్పాను. దానికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటానికి తడుముకుంటుంది. అంతా విని, పాత్రలు కడుగుతున్నది కుళాయి కట్టేసింది.

"అమ్మా, నానకి తెలుసు లా," అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు జన్నల్‌లో, పైన కిటికీలో, నిలబడి సూసినావని. నాకు సెప్పినాడు, నేను సెకండరీ స్కూల్లో ఉన్నప్పుడు. నేను కోపంగా అడిగినాను, అమ్మ ఎందుకు రాలేదు అని. నాన అన్నాడు, బెల్లు కొట్టేసినారు, లైవ్ ప్రోగ్రాం, మధ్యలో ఎలగ వస్తాది అని. నీకు సెప్పొద్దన్నాడు."

దాని చేతిలో గిన్నె నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన తల ఎప్పుడు పైకెత్తాడో నాకు గుర్తు లేదు. ఎంతసేపు చూశానో అంతసేపూ ఆయన కళ్ళు నేల మీదే ఉన్నాయనుకున్నాను, గీత మీద నడుస్తున్నట్టు. పదహారేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం. ఆయన నాకు సాకు వెతికి, దాన్ని నా కూతురి దగ్గర దాచాడు. నేను ఆ సాకు కూడా లేకుండా దాచాను.

"ఇంకేమన్నాడు?" అని అడిగాను.

"అంతే. తరవాత టీ పెట్టమన్నాడు," అంది నా కూతురు, మళ్ళీ కుళాయి తిప్పుతూ.